గొర్రెల దావ, మేకల దావ

కడపలో ఒక ఆదివారం సాయంత్రం సైకిలు మిత్రుల కూడికలో చేసిన ప్రసంగానికి పాఠం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాము. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసివేయలేదు.

అందరికీ నమస్కారం. రాళ్ళ దారుల్లో సైకిలు తొక్కడం గురించి నాలుగు మాటలు చెప్పమని మన మిత్రులు అడిగారు. నాలుగు మాటలతో తేలే విషయమా అది? మనవాళ్ళు ఎక్కడైనా చెట్టు కింద ఆగినప్పుడు ఏం మాట్లాడుకుంటారో నేను పదేళ్ళుగా వింటున్నాను. గంటసేపు కూర్చుంటే అందులో ముప్పావు గంట సైకిలు సంగతులే నడుస్తాయి. ఎవరి సైకిలుకు ముందు చక్రం కుదుపులు తట్టుకునే ఫోర్కు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, ఎవరి బండి ఎన్ని కిలోలు తూగుతుంది, ఎవరు ఎంత పోసి కొన్నారు, అంత పోసినట్టు ఇంట్లో చెప్పారా లేదా, ఇవే. మిగిలిన పావుగంట తిండి సంగతులు. నేల గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. పడ్డప్పుడు మాత్రం ఎత్తుతారు. పడ్డప్పుడు "ఆ రాయి ఉంది చూడు" అని మొదలుపెడతారు. నేను ఈ సాయంత్రం ఆ రాయి దగ్గరే మొదలుపెడతాను.

మా నాయన ఎర్రగుంట్ల పక్కన నాపరాతి గనుల్లో పనిచేసిన మనిషి. నేను బడిపంతులునయ్యాను గానీ, చిన్నప్పుడు సెలవుల్లో ఆయనకు సద్ది తీసుకుపోయి గని గట్టున కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. ఆయన ఒక బండను లేపే ముందు సుత్తితో మూడు చోట్ల మెల్లగా కొట్టి వినేవాడు. ఖంగుమంటే బండ గట్టిది. బొదబొదమంటే లోపల ఎక్కడో చీలిక ఉన్నట్టు. "రాయి చెప్తాది, మనం వినాల" అనేవాడు. ఇప్పుడు నా ముందు చక్రం ఒక బండ మీదికి ఎక్కినప్పుడు నేను వినేది కూడా అదే. కుదురుగా కూర్చున్న బండ మీద టైరు చప్పుడు చేయదు. కింద డొల్ల ఉన్న బండ టక్కుమంటుంది. ఆ టక్కు వినబడిన క్షణంలో బ్రేకు మీది వేలు తీసేయాలి, ఎందుకంటే కదిలే బండ మీద బ్రేకు పట్టితే బండతో పాటు మనమూ కదులుతాము.

మనది రాళ్ళ సీమ అని అందరమూ అంటాము. సరే, ఏ రాయి? కడప నుంచి బయలుదేరి అనంతపురం దాకా పోయే మనిషి సైకిలుకు మూడు వేరు వేరు రాళ్ళు తగులుతాయి. మూడింటికీ మూడు రకాల తొక్కుడు కావాలి. బెంగళూరు నుంచి వచ్చే పిల్లలు మంచి మంచి బండ్లు తెచ్చుకుంటారు, మనకంటే బలంగా తొక్కుతారు, అయినా మన దగ్గర ఎందుకు పడతారు? రాయి అంటే అంతా ఒకటే అనుకుంటారు కాబట్టి.

మొదటిది మన ఇంట్లోనే ఉంది. నాపరాయి, ఊళ్ళు దాటితే కడప బండ అని పిలిచేది. అది సున్నపురాయి. ఎర్రగుంట్ల నుంచి బేతంచెర్ల దాకా బండల గనులు ఆ జాతి రాళ్ళవే. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలను నీరు తొలిచింది కూడా సున్నపురాతిలోనే, 3,229 మీటర్ల పొడవున. సున్నపురాతిని నీరు కరిగిస్తుంది, నునుపు చేస్తుంది. ఇంతకూ నేను ఒకటి అడుగుతాను. జలకాల గదిలో నీళ్ళు పడ్డ కడప బండ మీద ఒక్కసారైనా జారని మనిషి ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? చేయి ఎత్తండి. చూశారా, ఒక్కరూ లేరు. అదే బండ వాన పడిన మర్నాడు వంకలో పరుచుకుని ఉంటే, దాని మీద హ్యాండిల్ తిప్పడానికి మాత్రం మనకు ధైర్యం వస్తుంది! తడిసిన నాపబండ మీద తిప్పకూడదు, బ్రేకు పట్టకూడదు, తొక్కకూడదు కూడా. వచ్చిన ఊపుతో తిన్నగా దాటిపోవాలి, అంతే. దాని గురించి ఇంతకంటే చెప్పేది లేదు.

రెండోది అనంతపురం వైపు రాయి. గుత్తి కొండ, పెనుకొండ, ఆ చుట్టుపక్కల గుండ్లన్నీ గ్రానైటు జాతివి, మన కడప రాళ్ళకంటే చాలా పాతవి. పగటి ఎండకు ఉబ్బి, రాత్రి చలికి కుంచించుకుని, వాన నీరు పగుళ్ళలో దిగి, ఆ బండలు ఉల్లిగడ్డ పొరల్లాగా ఊడుతూ ఉంటాయి. అందుకే అవి గుండ్రంగా ఉంటాయి. ఎండు గ్రానైటు బండ మీద టైరు పట్టినంత గట్టిగా ఇంకెక్కడా పట్టదు. గోడలాంటి ఏటవాలు మీద కూడా చక్రం నిలబడుతుంది, మొదటిసారి ఎక్కినవాడికి తన మీద తనకే గౌరవం పుడుతుంది. అయితే ఊడిన పొర ఏమవుతుంది? గరుసు అవుతుంది. జొన్నగింజంత గరుసు ఆ బండ మీదే పలుచగా పరుచుకుని ఉంటుంది. దాని మీద చక్రం పడితే బేరింగు గుండ్ల మీద కాలు పెట్టినట్టే. కాబట్టి గ్రానైటు మీద చూడవలసింది వాలును కాదు, రంగును. బండ తన రంగులో ఉంటే నమ్మండి. దాని మీద లేత ఎరుపు పూత కనిపిస్తే అది గరుసు, నమ్మకండి.

మూడోది గండికోట రాయి. దాని దగ్గర నేను కాసేపు ఆగుతాను, నన్ను పడేసింది అదే కాబట్టి.

గండికోట దగ్గర పెన్న ఎర్రమల కొండలను కోసుకుని పోయిందని మీకందరికీ తెలుసు. ఆ గోడల్లో కనిపించే ఎర్రటి రాయి క్వార్ట్‌జైట్. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన కాలం కింద అది ఇసుక. ఇసుక రేణువుల మధ్య సిలికా చేరి, అతుక్కుని, చివరికి రేణువుకూ అతుకుకూ తేడా లేనంత గట్టిగా మారింది. కొన్ని బండల మీద నీటి అలలు ఇసుకలో గీసిన గీతలు ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి, వేలితో తడిమి చూడవచ్చు. ఇంత గట్టి రాయి అరగదు. అరగని రాయి ఏం చేస్తుంది? పగులుతుంది. పగిలినప్పుడు గాజు పెంకులాగా అంచు తేలుతుంది. టైరు అడుగు భాగం మందంగా ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది గానీ, పక్క గోడ పలుచన. ఆ అంచు పక్క గోడను కోస్తే పంచరు షాపులో వేసే అతుకు దానికి నిలవదు.

ఇంకొక సంగతి ఉంది. ఆ గట్టి రాతి పొర కింద మెత్తటి పొరల రాయి ఉంటుంది. తాడిపత్రి పేరు మీద పిలిచే షేల్ అది. వానకు అది పొడి పొడిగా రాలిపోతుంది. కింద ఆధారం పోయిన తర్వాత పైనున్న బండ ఎంతకాలం నిలుస్తుంది? ఒక రోజు విరిగి దొర్లుతుంది. ఎర్రమల వాలుల మీద మీరు చూసే పెట్టెల్లాంటి గుండ్లన్నీ అట్లా దొర్లినవే. అంటే ఆ వాలు మీద పైన కత్తుల్లాంటి రాళ్ళు, వాటి కింద జారే పెళ్ళలు. ఒకే దారిలో రెండూ ఉంటాయి.

ఈ రాళ్ళ వరుసను మొట్టమొదట పద్ధతిగా రాసిపెట్టినవాడు విలియం కింగ్, 1872లో. మన ఊరి పేరే ఈ రాళ్ళకు పెట్టారు. ప్రపంచంలో భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళకు కడప అంటే ముందు గుర్తొచ్చేది ఈ రాళ్ళే. నెలవంక ఆకారంలో సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఈ పొరలు పడమటి వైపున దాదాపు పరిచినట్టు పడుకుని ఉంటాయి, తూర్పున నల్లమల వైపు పోయేకొద్దీ ముడతలు పడి నిక్కబొడుచుకుని ఉంటాయి. మనకు దీనితో ఏం పని అంటారా? గండికోట వైపు దారి మెట్లు మెట్లుగా ఉంటుంది, కాబట్టి చక్రం ఎత్తి దించడం తెలియాలి. నల్లమల వైపు రాతి అంచులు పలకలు నిలబెట్టినట్టు పైకి లేచి ఉంటాయి, కాబట్టి పెడళ్ళు రెండూ సమంగా పెట్టుకుని పోవడం తెలియాలి. లేదంటే కింది పెడలు అంచుకు తగిలి మనిషి హ్యాండిల్ మీది నుంచి ఎగిరిపోతాడు. వెనక వరుసలో నవ్వుతున్న తమ్ముడు అట్లా ఎగిరినవాడే, అందుకే నవ్వుతున్నాడు.

ఇప్పుడు నా సంగతి. ఐదేళ్ళ కిందట, డిసెంబరు నెలలో, జమ్మలమడుగు వైపు నుంచి కొండ ఎక్కి దిగుతున్నాము. కనిపించిన కాలిబాటల్లో పొట్టిది ఎంచుకున్నాను. ముందు చక్రం రాతి మెట్టు దిగింది, బాగానే ఉంది. రెండో మెట్టు దిగింది. మూడోది మెట్టు కాదు, షేలు పెళ్ళల కుప్ప. భయపడి ముందు బ్రేకు గట్టిగా పట్టాను. ఆ తర్వాత జరిగింది నాకు వరుసగా గుర్తులేదు. ఎడమ అరచేయి చర్మం లేచిపోయింది, మోకాలికి ఆరు కుట్లు పడ్డాయి, తల రాతికి తగిలిన చోట హెల్మెట్టు పగిలింది. హెల్మెట్టు పగిలింది, తల పగలలేదు. హెల్మెట్టు లేకుండా వచ్చేవాళ్ళకు ఇంతకంటే నేను ఏమీ చెప్పను.

నేను అట్లా కూర్చుని మోకాలు చూసుకుంటూ ఉంటే, ఎగువన నుంచి ఒక గొర్రెల కాపరి దిగి వచ్చాడు. భుజం మీద గొంగడి, చేతిలో కొమ్మలు వంచే దోటి. నన్ను చూశాడు, సైకిలును చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"యాడికి పోతాండావు సారూ?"

"కిందికి పెద్దాయనా."

"కిందికే వచ్చినావులే."

నొప్పిలో కూడా నాకు నవ్వు ఆగలేదు. తన దగ్గరున్న నీళ్ళతో నా చేయి కడిగి, గుడ్డ కట్టి, అప్పుడు చెప్పాడు. "ఇది మేకల దావ సారూ. మేకకేం, అది యాడైనా దిగుతాది. నువ్వు గొర్రెల దావన రావాల. అదో, ఆడుండాది చూడు." ఆయన చూపించిన వైపు చూస్తే, మా బాటకు వంద అడుగుల దూరంలో, కొండ నడుం చుట్టూ మెలికలు తిరుగుతూ దిగుతున్న ఇంకొక బాట ఉంది. నేను దాన్ని చూసి కూడా, చుట్టు అని వదిలేశాను.

మిత్రులారా, నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకని మాట అది. మేక ఆకు కోసం పోతుంది. పొద ఎక్కడ ఉంటే అక్కడికి, ఎంత నిట్టనిలువునా ఎక్కుతుంది, దిగుతుంది. అందుకే మేకల బాట పొట్టిగా, నిలువుగా ఉంటుంది, వాన నీరు అందులోనే పారి రాళ్ళు బయటపడి ఉంటాయి. గొర్రె తల వంచుకుని గడ్డి మేస్తూ మందతో కలిసి పోతుంది. వందల కాళ్ళు ఒకే చోట పడి గొర్రెల బాట వెడల్పుగా, అణిగి, వాలుకు అడ్డంగా మెలికలు తిరుగుతుంది. కొండల్లో సైకిలు కోసం దారి తవ్వేవాళ్ళు లెక్కలు కట్టి చేసే పని కూడా ఇదే, నీరు బాట వెంట పారకుండా పక్కకు పోయేటట్టు వాలుకు అడ్డంగా తవ్వుతారు. మన కొండల మీద ఆ పని గొర్రెలు ముందే చేసి పెట్టాయి. బాట మీద పెంటికలు కనిపిస్తే ఆగి చుట్టూ పొదలను చూడండి. చిగుళ్ళు మనిషి నడుము ఎత్తు దాకా కొరికి ఉంటే, ముందు మేకలు పోయినట్టు. అది అలవాటైతే దిగే ముందే సగం తెలిసిపోతుంది.

ఆ పెద్దాయన ఇంకొకటి కూడా చూపించాడు. ఆయన కాళ్ళకు పాత లారీ టైరుతో కుట్టించిన చెప్పులు. కాలు మడిచి అడుగు చూపిస్తే అందులో విరిగిన తుమ్మముళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేము. ఒక్కటీ ఇవతలికి రాలేదు. "నీ చక్రం కంటే నా చెప్పు నయం గదా సారూ" అన్నాడు. నయమే మరి! అదే రోజు పొద్దున మాకు మూడు పంచర్లు అయ్యాయి, రెండు తుమ్మముళ్ళవి, ఒకటి పల్లేరు కాయది.

టైర్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. మనవాళ్ళు పంచరు షాపులో గాలి రాయిలాగా కొట్టించుకుంటారు. బొటనవేలితో నొక్కి చూసి ఇంకా కొట్టమంటారు. రోడ్డు మీద అది బాగుంటుంది. రాళ్ళ మీద గట్టి టైరు బంతిలాగా ఎగురుతుంది, పట్టదు. రెండుంబావు అంగుళాల టైరు, డెబ్బై కిలోల మనిషి అయితే ముందు చక్రంలో గాలి పాతిక పాయింట్లు, అంటే పీఎస్‌ఐ, వెనక ఇరవై ఎనిమిది, ముప్పై పాయింట్లు చాలు. మరీ తగ్గిస్తే ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి పాము కాటులాగా రెండు గాట్లు పడతాయి. ట్యూబు లేకుండా పాలలాంటి ద్రవం పోసుకునేవాళ్ళు ముళ్ళకు భయపడనక్కరలేదు గానీ, మన ఎండలకు అది తొందరగా ఎండిపోతుంది. రెండు మూడు నెలలకు ఒకసారి విప్పి చూసుకోండి.

బ్రేకుల గురించి ఒక ముచ్చట. ఈ ఆట పుట్టింది అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో. 1970లలో అక్కడి కుర్రాళ్ళు పాత లావు టైర్ల సైకిళ్ళను కొండ మీదికి తోసుకుపోయి మట్టిబాటల్లో దిగేవాళ్ళు. 1976 అక్టోబరులో ఒక బాట మీద పందెం పెట్టుకున్నారు. ఆ సైకిళ్ళకు బ్రేకు వెనక చక్రం ఇరుసులో ఉండేది. కింది దాకా వచ్చేసరికి ఇరుసు వేడెక్కి అందులోని గ్రీజు పొగై పోయేది, ప్రతిసారీ విప్పి కొత్త గ్రీజు కూరవలసి వచ్చేది. అందుకే ఆ పందానికి రీప్యాక్ అనే పేరు పడింది. 1996లో ఇది ఒలింపిక్స్ దాకా పోయింది. ఇప్పుడు మనకు డిస్కు బ్రేకులు ఉన్నాయి, అయినా వేడి వేడే. దిగుడంతా బ్రేకును సగం పట్టుకుని దిగేవాళ్ళు మనలో ఎంతమంది? ఏప్రిల్ నెలలో, నలభై డిగ్రీల ఎండలో, డిస్కు మీద ఒక నీటి చుక్క వేసి చూడండి, చుయ్యిమంటుంది. నేల గట్టిగా ఉన్న చోట గట్టిగా పట్టండి, పెళ్ళలు వచ్చే ముందు పూర్తిగా వదిలేయండి. నేను ఐదేళ్ళ కిందట దీనికి తలకిందులుగా చేశాను.

ఇక అన్నం సంగతి. దీని కోసమే కూర్చున్నారని నాకు తెలుసు.

పొద్దున నాలుగున్నరకు లేచి వగ్గాణి, దాంతో మిరపకాయ బజ్జీలు తిని కొండ ఎక్కుదామనే మహానుభావులు మనలో ఉన్నారు. పేర్లు చెప్పను. వగ్గాణి మంచిదే, బొరుగులు తేలిక. బజ్జీ మాత్రం మొదటి ఎగుడులోనే గొంతులోకి వస్తుంది. రాగి సంగటి కూడా అంతే, నిదానంగా అరిగే తిండి. దాన్ని దిగి వచ్చిన తర్వాత తినాలి, అప్పుడు దాని విలువ తెలుస్తుంది. పోయేటప్పుడు జేబులో వేయించిన చెనక్కాయలు, బెల్లం ముక్క. ఎక్కడ ఆగినా పిడికెడు. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, అందులో ఒక సీసాలో ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ. చెమటతో ఉప్పు పోతుంది, వట్టి నీళ్ళు తాగితే పిక్కలు పట్టేస్తాయి. కింద ఊళ్ళో నన్నారి షర్బత్తు తాగండి, అది మన హక్కు.

చెట్టు కింద కూర్చునే ఆ గంట ఉంది చూశారా, దాని గురించి నేను మొదట్లో కొంచెం వేళాకోళంగా మాట్లాడాను. నిజానికి నేను వచ్చేది దాని కోసం కూడా. ఒక రోజు మా జట్టులో ఒకతని చైను తెగింది. బట్టల దుకాణం నడుపుతాడు, ఎప్పుడూ నవ్విస్తూ ఉంటాడు. నేను చైను రెండు కొసలూ పట్టుకున్నాను, అతను పిన్ను దిగ్గొడుతున్నాడు, గ్రీజు చేతులు. తల ఎత్తకుండా, "సార్, దుకాణం ఈ నెలతో మూసేస్తున్నాను" అన్నాడు. ఎదురెదురుగా కూర్చుని ఉంటే ఆ మాట చెప్పేవాడు కాదు. ఆ తర్వాత అరగంట అప్పులు, బాడుగలు, బోరు ఎనిమిది వందల అడుగులు దింపినా నీళ్ళు పడని వాళ్ళ అన్న చేను, ఇవే మాట్లాడుకున్నాము. ఆ రోజు ఎవరూ ఫోర్కు గురించి మాట్లాడలేదు.

ముందు వరుసలో కూర్చున్న అక్కచెల్లెళ్ళు ఇద్దరు పోయిన నెల నన్ను ఒక ప్రశ్న అడిగారు. "మీరు ఐదు గంటలకు బయలుదేరాలంటారు సార్, మీ సద్ది ఎవరు కట్టారు?" నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో కట్టింది నా భార్య, మూడున్నరకు లేచి. అప్పటి నుంచి నా సద్ది నేనే కట్టుకుంటున్నాను. ఉప్పు ఎక్కువవుతోంది, అది వేరే విషయం.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. గండికోట లోపల సైకిలు తొక్కకండి. లంకమల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోకండి, రాత్రి లైట్లు పెట్టుకుని అసలు పోకండి. అక్కడి పొదల నేల కలివికోడిది. ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో సిద్దవటం వైపు మళ్ళీ కనబడింది. శాస్త్రజ్ఞులు వెతికారు, నిజమే, కానీ చేతికి పట్టి ఇచ్చింది పిట్టలు పట్టే స్థానికుడు. కొండలో తిరిగే మనిషిని అడగాలనే నా మాటకు నాకు అంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు.

వచ్చే ఆదివారం గండికోట బయట, ఎర్రమల వాలులో, ఆ పెద్దాయన చూపించిన గొర్రెల దావనే పోతున్నాము. ఆయన వస్తానన్నాడు. మొదటిసారి ఎవరూ సైకిలు ఎక్కరు, తోసుకుంటూ ఆయన వెనక కింది దాకా నడుస్తాము, రెండోసారి తొక్కుతాము. ఎండ ముదరక ముందే, తొమ్మిదికల్లా కిందికి వచ్చేయాలి. సంగటి ఆయన ఇంట్లో చేయిస్తున్నాము, మనిషికి ఇంత అని డబ్బులు ముందే ఇవ్వండి, పోయిన తర్వాత చూద్దాంలే అనకండి. ఊరిబిండి నేను తెస్తాను. ఉల్లిగడ్డలు ఎవరు తెస్తారో ఇప్పుడే తేల్చండి, పోయినసారి అందరూ ఇంకొకరు తెస్తారనుకున్నారు.